నల్గొండలో 30 పడకల దవాఖాన ప్లాన్: ఏఐని ఎంతవరకు నమ్మొచ్చు?

సివిల్_నల్గొండ

అందరికీ నమస్తే. నేను సివిల్ ఇంజనీర్‌ని. నల్గొండ బయట 20 గుంటల జాగలో ఒక డాక్టర్ దంపతులు 30 పడకల దవాఖాన కట్టిస్తున్నారు, ప్లాన్ పని నాకు అప్పజెప్పారు. కింద ఓపీ, ల్యాబ్, కాన్పుల వార్డు. పైన జనరల్ వార్డు, ఆపరేషన్ థియేటర్, నాలుగు డయాలసిస్ మెషీన్లు. జాగ పడమర ముఖం, ముందు హైవే. లోపలికి అడుగుపెట్టిన పేషెంటుకు ఉన్న టెన్షన్ ఇంకా పెరగకూడదు, వెంట వచ్చినవాళ్లు రోడ్డు పక్కన కూర్చోవాల్సిన గతి పట్టకూడదు, ఇదీ వాళ్లు నాతో చెప్పిన మాట. నాకు బాగా నచ్చింది, కానీ ఈ మాటని గోడలుగా తలుపులుగా ఎలా మార్చాలి అన్నదే ప్రశ్న.

ఏఐని అడిగి చూశాను. బొమ్మలు గీసేది అడిగితే మూడంతస్తుల ఎత్తు అద్దాల హాలు, లోపల చెట్లు, పొడవాటి సోఫాలో ఒక్క మనిషి. మాటలు రాసేది అడిగితే అన్నీ సింగిల్ రూములు, ప్రతి పేషెంటుకు ఒక ట్యాబ్, ఇంటి మనిషికి ఒక రిక్లైనర్ అంటుంది. డాక్టర్ గారికి ఆ అద్దాల బొమ్మ నచ్చింది కూడా. ఏ పనికి ఏఐని వాడాలి, ఏ పనికి వాడకూడదు? దవాఖానల్లో పనిచేసేవాళ్లు, పేషెంట్ల ఇంటివాళ్లు కూడా చెప్పండి, ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది.

షాద్‌నగర్_ఆర్కిటెక్ట్

తమ్మీ, ముందు ఏఐ అనే ఒక్క పేరు కింద ఉన్న వేర్వేరు పనిముట్లను విడదీసి చూడు. బొమ్మలు గీసేదానికి కొలత తెలియదు. ఆస్పత్రి అంటే తను చూసిన ఫొటోల్లో ఏది ఉందో అలాంటిదే ఇంకోటి ఇస్తుంది. చలి దేశాల్లో ఎండ లోపలికి రావాలని అద్దాలు పెట్టుకుంటారు. నల్గొండలో మే నెలలో 45 దాటే ఎండలో పడమర వైపు అద్దాల గోడ పెడితే మూడు గంటల నుంచి ఆ హాల్లో మనిషి కూర్చోలేడు, ఏసీ బిల్లు కట్టలేక డాక్టర్ గారే రెండో ఏడాది దానికి పరదాలు వేయిస్తారు. ఆ బొమ్మని ముందు వాళ్ల ఫోన్ లోంచి తీయించు.

మాటలు రాసే ఏఐ ప్రశ్నలు తయారు చేయడానికి పనికొస్తుంది, అంటే "కాన్పుల వార్డు ప్లాన్ చేసేముందు నర్సుని ఏమేం అడగాలి" అని అడుగు, మంచి పట్టిక వస్తుంది. రూల్స్ మాత్రం దాన్ని అడగొద్దు, ఉన్న క్లాజునీ లేని క్లాజునీ ఒకే ధైర్యంతో చెప్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, ప్రభుత్వ దవాఖానల ప్రమాణాలు చెప్పే ఐపీహెచ్‌ఎస్ 2022, దివ్యాంగుల సౌకర్యాల కోసం కేంద్రం తెచ్చిన 2021 మార్గదర్శకాలు, ఇవి మూడూ తెరిచి కళ్లతో చదువు. స్ట్రెచర్ తిరిగే నడవా 2.4 మీటర్లు, చక్రాల కుర్చీ ర్యాంపు 1:12 కంటే, అంటే 12 అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు కంటే నిటారుగా ఉండకూడదు, ఇలాంటివి నీ చేతి వేళ్ల మీద ఉండాలి.

అసలు విలువంతా మూడో రకంలో ఉంది. ఎండ, గాలి, శబ్దం, జనం కదలిక లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు. ఆటోడెస్క్ ఫార్మా లాంటిది నీ జాగ మీద ఎండ ఎటు పడుతుంది, హైవే మోత ఎంత వస్తుంది అనేది తొందరగా అంచనా వేస్తుంది. వార్డులో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హైవే మీద లారీలు రాత్రంతా పోతూనే ఉంటాయి కాబట్టి మంచాల వార్డు తూర్పుకి వెనక్కి, స్టోర్లు, మెట్లు, ఆఫీసు గదులు పడమరకి పెడితే అవే ఎండకీ మోతకీ అడ్డుగా నిలబడతాయి. ఇదంతా తెలియడానికి ఏఐ అవసరం లేదు, కానీ ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూపిస్తే డాక్టర్ గారు వింటారు.

రాత్రి_డ్యూటీ

నేను స్టాఫ్ నర్సుని, జిల్లా పేరు వద్దు. ఇలాంటి ప్లాన్లు గీసేవాళ్లు మమ్మల్ని అడగడం నేను ఇదే చూడటం, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

నర్సింగ్ స్టేషన్ ఎక్కడ పెడుతున్నావో ముందు అది చెప్పు తమ్మీ. ఏఐ బొమ్మల్లో అది లిఫ్ట్ ఎదురుగా హోటల్ రిసెప్షన్ లాగా ఉంటుంది. నేను కుర్చీలోంచి లేవకుండా ఎన్ని మంచాలు కనబడతాయి అన్నది నాకు కావాలి. రాత్రి ఇద్దరమే ఉంటాం. ఒకరు మందులు వేస్తుంటే ఇంకొకరు అందర్నీ చూడాలి. ఆపరేషన్ అయిన పేషెంటు నిద్రమత్తులో మంచం దిగి పడిపోయేది బాత్రూంకి లేచినప్పుడే, కాబట్టి మంచం నుంచి బాత్రూం దాకా చేత్తో పట్టుకునే కడ్డీ తెగకుండా ఉండాలి, దారిలో రాత్రి చిన్న లైటు ఉండాలి. సెలైన్ స్టాండు తోసుకుంటూ పోయేవాళ్లకి బాత్రూం గుమ్మం దగ్గర ఆ రెండంగుళాల గట్టు ఎంత కష్టమో ఒక్కసారి నిలబడి చూస్తే తెలుస్తుంది. బాత్రూం తలుపు బయటకి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే తలుపుకి అడ్డంగా పడతారు, లోపలికి తెరిచే తలుపైతే మేం తోయలేం.

ఇక వెంట వచ్చినవాళ్లు. రిక్లైనర్ ఎవరికి కావాలి? కాన్పుకి ఒక ఆడపిల్ల వస్తే తల్లి, అత్త, ఒక ఆడబిడ్డ, చంటిపిల్లని ఎత్తుకున్న అక్క వస్తారు. వాళ్లకి పడుకోవడానికి చాప పరుచుకునే చోటు, టిఫిన్ గిన్నెలు కడుక్కునే కుళాయి, తడిబట్టలు ఆరేసుకునే తీగ, ఫోన్ చార్జింగ్, వేడినీళ్లు. ఇవి ప్లాన్‌లో లేకపోతే ఇవన్నీ నా వార్డులో మంచాల మధ్యన జరుగుతాయి, తర్వాత మేమే వాళ్ల మీద అరవాల్సి వస్తుంది. అరిచే పని మాకు ఇష్టం కాదు.

షాద్‌నగర్_ఆర్కిటెక్ట్

అక్కా, మీరు చెప్పిన "ఎన్ని మంచాలు కనబడతాయి" అన్నదానికి లెక్క ఉంది. ప్లాన్ మీద ప్రతి చోటు నుంచి ఇంకెన్ని చోట్లు కనిపిస్తాయో గీసి రంగుల్లో చూపిస్తుంది, లండన్ యూనివర్సిటీ కాలేజీలో పుట్టిన స్పేస్ సింటాక్స్ అనే పద్ధతి. దానికి డెప్త్‌మ్యాప్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నర్సింగ్ స్టేషన్ని నాలుగు చోట్ల పెట్టి చూస్తే ఏది మేలో సాయంత్రానికల్లా తేలిపోతుంది. సివిల్ తమ్మీ, ఇది నువ్వే చేసుకోవచ్చు.

మర్రిగూడ_బిడ్డ

మా నాయినకి ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే జబ్బు. మా వైపు ఊళ్లలో ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు, కానీ ప్లాన్ గీసే సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కాబట్టి చెప్తున్నా.

వెన్ను వంగిపోయింది, మెడ పైకి లేవదు, మోకాళ్లు పూర్తిగా ముడుచుకోవు. దవాఖానలో "ఎక్స్‌రే", "మెడికల్ ఓపీ" అని బోర్డులన్నీ సీలింగ్ నుంచి వేలాడుతుంటాయి. ఆయనకి అవి ఒక్కటీ కనబడవు. ఆయన చూపు ఎదుటి మనిషి నడుము దగ్గర ఉంటుంది. చదువు వచ్చిన మనిషి, అయినా ప్రతి మలుపులో ఎవరినో ఒకరిని అడగాలి, కసురుకుంటే ఊరుకోవాలి. ఓపీ చీటీ ఇచ్చే కిటికీ ఛాతీ ఎత్తులో ఉంటే చెయ్యి పైకి చాచి డబ్బులు ఇవ్వాలి. కిందికి ఉన్న కుర్చీలో కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. కింద గొంతుక్కూర్చునే బాత్రూం అయితే అసలే కాదు, అందుకని దవాఖానకి పోయే రోజు ఆయన పొద్దున్నుంచి నీళ్లు తాగడు. మేం తాగమంటే కోపం. ఎండాకాలం కూడా అంతే.

ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మా పిల్లలకి ఆ బాధ ఉండదు. కానీ వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు కదా. 50, 60 దాటినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లే మీ దవాఖానకి వస్తారు. బోర్డు గోడ మీద నడుము ఎత్తులో కూడా పెట్టండి, నేల మీద రంగు గీత వేయండి, ఎత్తు కుర్చీలు చేతులున్నవి కొన్ని పెట్టండి. ఇదే నేను అడిగేది.

సివిల్_నల్గొండ

అక్కా, ఈ ఒక్క పోస్టు కోసమే ఈ చర్చ మొదలుపెట్టినట్టుంది నాకు. బోర్డుల ఎత్తు నోట్ చేసుకున్నా. నాయినగారిని ఒకసారి కలవొచ్చా? మీకు వీలున్నప్పుడు నేనే మర్రిగూడ వస్తాను.

పాలమూరు_స్టూడెంట్

నేను ఆర్కిటెక్చర్ ఫైనల్ ఇయర్. మా క్లాసులో వాడే పద్ధతి ఒకటి ఉంది. ఏఐకి "నువ్వు మునుగోడు దగ్గర పల్లెలో 60 ఏళ్ల రైతువి, మోకాళ్ల నొప్పి, చదువు రాదు" అని చెప్పి దవాఖానలో నీ కష్టాలు చెప్పు అంటే పేషెంటులా మాట్లాడుతుంది. పది రకాల మనుషుల్ని పెట్టి అడగొచ్చు. ఊళ్లు తిరిగే టైం లేనప్పుడు బాగా పనికొస్తుంది అని నా అభిప్రాయం.

మర్రిగూడ_బిడ్డ

తమ్ముడూ, మీరు అడిగి చూసి ఇక్కడ పెట్టండి, నీళ్లు తాగకుండా వస్తాను అని ఎక్కడైనా చెప్తుందేమో చూద్దాం.

పాలమూరు_స్టూడెంట్

అడిగాను అక్కా. క్యూలు పొడవు, బోర్డులు చదవలేను, సిబ్బంది మర్యాదగా మాట్లాడాలి, కూర్చోవడానికి కుర్చీలు కావాలి అని చెప్పింది. తప్పేమీ లేదు, కానీ మీరు చెప్పినవి రాలేదు. మెడ సంగతి, చీటీ కిటికీ ఎత్తు సంగతి, నీళ్ల సంగతి ఏదీ లేదు.

జడ్చర్ల_కోడర్

ఎందుకు రాలేదంటే అది ఎక్కువమంది రాసినదాన్నే తిరిగి చెప్తుంది, మర్రిగూడలో ముసలాయన నీళ్లు ఎందుకు తాగడో ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయనిది దానికి తెలిసే మార్గం లేదు. నిజం మనుషులతో మాట్లాడి రికార్డు చేసుకుంటే ఆ మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి మాత్రం ఏఐ బాగా పనికొస్తుంది. 2022లో వచ్చిన భాషిణి అనే కేంద్ర ప్రభుత్వ భాషల ఏఐలో తెలుగు ఉంది. మన యాసలో తప్పులు పోతాయి కాబట్టి విన్నవాళ్లే ఒకసారి దిద్దుకోవాలి. వంద మంది మాటల్లో ఏ కష్టం ఎన్నిసార్లు వచ్చిందో ఏరి పెట్టడం కూడా దానికి అప్పజెప్పొచ్చు, అయితే ఒక్కరే చెప్పిన మాటని కింద పడేయకుండా చూసుకోండి. నీళ్లు తాగని సంగతి ఒక్కరే చెప్పారు.

ఇక నా పని జనం లెక్క. సివిల్ అన్నా, వెయిటింగ్ హాల్లో ఎన్ని కుర్చీలు వేశారు?

సివిల్_నల్గొండ

40.

జడ్చర్ల_కోడర్

లిటిల్ సూత్రం అని ఒకటుంది, జాన్ లిటిల్ 1961లో రుజువు చేశాడు. లోపల ఉండే మనుషుల సంఖ్య అంటే గంటకి వచ్చేవాళ్లు, ఒక్కొక్కరు లోపల ఉండే గంటలు, ఈ రెండింటి గుణకారం. ఉదాహరణకి గంటకి 20 మంది పేషెంట్లు వచ్చి, చీటీ, డాక్టరు, రక్తపరీక్ష, మళ్లీ డాక్టరు, మందులు అన్నీ కలిపి రెండు గంటలు ఉంటే ఎప్పుడు చూసినా 40 మంది పేషెంట్లే ఉంటారు. ఒక్కొక్కరి వెంట ఇద్దరొస్తే 120 మంది. మీ 40 కుర్చీలు పేషెంట్లకే సరి.

ఇది కూడా సగటు లెక్కే. మన దగ్గర జనం సగటుగా రారు. పొద్దున బస్సులు దిగగానే దేవరకొండ వైపు నుంచి, నకిరేకల్ వైపు నుంచి ఒక్కసారే గుంపుగా వస్తారు, మధ్యాహ్నం రిపోర్టుల కోసం అదే జనం అక్కడే ఉంటారు, ఊరికి పోయి మళ్లీ రాలేరు కదా. కాబట్టి డాక్టర్ గారి ఇప్పటి క్లినిక్‌లో టోకెన్ ఇచ్చిన టైం, లోపలికి పిలిచిన టైం, రిపోర్టు ఇచ్చిన టైం, ఈ మూడూ కొన్ని వారాలు రాయించండి. పేర్లు, జబ్బులు వద్దు, టైములు చాలు. అది ఇస్తే సింపై అనే ఉచిత ప్రోగ్రామింగ్ లైబ్రరీలో జనం రాకపోకల మోడల్ నేను చేసి ఇస్తా, డబ్బులు వద్దు. రక్తం తీసే టేబుల్ ఇంకొకటి వేస్తే హాల్లో ఎంతమంది తగ్గుతారో కట్టకముందే తెలుస్తుంది. చాలాసార్లు హాలు పెంచడం కంటే ఒక టేబుల్ పెంచడం చవక.

కట్టిన తర్వాత కూడా సీలింగ్‌కి కెమెరాలు పెడితే ఎక్కడ గుంపు కూడుతుందో ఏఐ రంగుల మ్యాపులో చూపిస్తుంది, అదీ ఆలోచించండి.

రాత్రి_డ్యూటీ

కెమెరా మాటకి నేను ఒప్పుకోను. ఓపీ హాల్లో, గేటు దగ్గర సరే. వార్డులో ఆడవాళ్లు పిల్లలకి పాలిస్తుంటారు, మేం డ్రెస్సింగులు మారుస్తుంటాం. ముఖం కనబడదు, మనుషుల్ని లెక్కే పెడుతుంది అంటారు, ఆ రికార్డింగు ఎవరి దగ్గర ఉంటుందో పేషెంటుకి ఎవరు చెప్తారు? కెమెరా ఉందని తెలిస్తే పిల్ల సరిగా పాలు తాగడం లేదని చెప్పుకోవడానికి కూడా కొత్త తల్లి ముడుచుకుపోతుంది.

జడ్చర్ల_కోడర్

అక్కా, ఓపీ హాలు వరకే అన్నది నేనూ ఒప్పుకుంటా. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా ఎందుకు తీస్తున్నామో చెప్పాలి. నిజానికి తలుపు దగ్గర లెక్కపెట్టే చిన్న సెన్సరు పెట్టినా సరిపోతుంది, వీడియోనే ఉండదు. అదే రాస్తా మోడల్‌లో.

పాత_సూపర్‌వైజర్

నేను హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైర్ అయినవాడిని. మీ మాటలన్నీ చదివాను. నా సందేహం ఒకటి. వెనకటి దవాఖానలు చూశారా? ఎత్తు కప్పు, ఎదురెదురు కిటికీలు, చుట్టూ వరండా, బయట వేపచెట్టు. క్షయ పేషెంట్లని వరండాలో కూర్చోబెట్టేవాళ్లం. కంప్యూటర్ లేనప్పుడే అవన్నీ కట్టారు. ఇప్పుడు అందరినీ ఒక హాల్లో తలుపులు మూసి ఏసీ వేసి కూర్చోబెడుతున్నారు, దగ్గేవాడి పక్కన గర్భిణి కూర్చుంటుంది. దీన్ని మార్చమని చెప్పడానికి ఏఐ ఎందుకు?

షాద్‌నగర్_ఆర్కిటెక్ట్

సార్, మీ మాటకి బలమైన ఆధారం ఉంది. పెరూ దేశంలో లిమా నగరం ఆస్పత్రుల్లో గాలి కొలిచి 2007లో ఒక పరిశోధన వచ్చింది. కిటికీలు తెరిచి ఉంచిన గదుల్లో గంటకి సగటున 28 సార్లు గాలి పూర్తిగా మారింది, మెషీన్లతో గాలి పంపే గదుల్లో 12 సార్లే. 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల పాత వార్డులు కొత్తవాటికంటే ఎంతో మెరుగ్గా ఉన్నాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జనరల్ వార్డుల్లో ఒక్కో పేషెంటుకు సెకనుకి 60 లీటర్ల గాలి ఆడాలని రాసింది.

చెట్టు సంగతికి వస్తే, రోజర్ ఉల్రిచ్ అనే ఆయన అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీసి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే కొంచెం ముందు ఇంటికి పోయారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మొత్తం 46 మందే, కాబట్టి చెట్టు చూస్తే జబ్బు నయమైపోతుందని బోర్డు పెట్టకూడదు. కానీ ఖర్చు లేని పని అది, మంచం తల ఎటు పెట్టాలో మార్చడమే కదా.

ఏఐ ఎందుకంటే, సార్, 20 గుంటల్లో 30 పడకలు అంటే నాలుగు వైపులా వరండా కుదరదు. ఏ ఒక్క వైపు వరండా ఇస్తే ఎక్కువ గాలి, తక్కువ ఎండ అనేది ఎంచుకోవాలి. నైరుతి గాలి వచ్చే వైపే పడమటి ఎండ కూడా వస్తుంది మనకి, దోమల జాలీ పెడితే గాలి ఇంకా తగ్గుతుంది, జాలీ లేకుంటే డెంగీ. ఇన్ని ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నప్పుడు గాలి లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది.

పాత_సూపర్‌వైజర్

సరే బాబూ, అలా అయితే మంచిదే. దగ్గు పేషెంట్లకి గేటు దగ్గరే వేరే దారి పెట్టు, అది మాత్రం లెక్కల మీద వదిలేయకు.

కొల్లాపూర్_అన్న

ఆలస్యంగా చూశాను. మా తమ్ముడికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మొదటి పోస్టులో డయాలసిస్ పైన అని ఉంది. దయచేసి కిందికి మార్చండి. మెషీను మీద నుంచి దిగాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, లిఫ్ట్ చెడిపోయిన రోజు మెట్ల మీద మనిషిని మోసుకొని దింపాం. ఇంకోటి, నాలుగు గంటలు పడుకునే మనిషికి కనిపించేది సీలింగే. నేరుగా కళ్లలోకి కొట్టే ట్యూబులైటు, నేరుగా మీద పడే ఏసీ గాలి, ఈ రెండూ నరకం. వాళ్లకి ముందే చలి పుడుతుంది. ప్లాన్ చేసేవాళ్లు ఆ మంచం మీద కొంచెంసేపు పడుకుని చూడాలి. కిటికీ పక్కన మంచం దొరికిన రోజు మా తమ్ముడు ఫోన్ చూడడు, బయటికి చూస్తాడు.

షాద్‌నగర్_ఆర్కిటెక్ట్

ఒక్కో డయాలసిస్‌కి మెషీను దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు వాడుతుంది, దానికి ఆర్వో ప్లాంటు, ట్యాంకులు కావాలి. నల్గొండ నీళ్లకి ఆర్వో ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. ఆ బరువు, పైపులు అన్నీ కిందే ఉంటే కట్టేవాళ్లకీ సులువు. పేషెంటుకు ఏది మంచిదో ఇక్కడ డబ్బుకి కూడా అదే మంచిది, డాక్టర్ గారికి అలాగే చెప్పు.

సివిల్_నల్గొండ

అప్‌డేట్. మర్రిగూడ వెళ్లి నాయినగారిని కలిశాను. కూర్చుని లేచే ఎత్తు, చూపు ఎత్తు, చెయ్యి అందే ఎత్తు టేపుతో కొలుచుకున్నా, ఆయనే ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు నా సాఫ్ట్‌వేర్‌లో మామూలు మనిషి బొమ్మ పక్కన ఆయన కొలతలతో ఇంకో బొమ్మ ఉంది, ప్రతి గదిలో దాన్ని నిలబెట్టి చూస్తున్నా.

బొమ్మలు గీసే ఏఐ ఒక పనికి చాలా బాగా వచ్చింది. ప్లాన్ గీతలు చూపిస్తే ఆశా అక్కలు, పేషెంట్లు తల ఊపుతారు తప్ప ఏమీ అనరు. కొలతల ప్రకారం చేసిన త్రీడీ బొమ్మకి ఏఐతో గోడలు, మనుషులు, వెలుతురు నింపి చూపిస్తే వెంటనే మాట్లాడుతున్నారు. ఒకామె కాన్పుల వార్డు బొమ్మ చూసి "తలుపు తెరిస్తే మంచం కనబడుతుంది, వరండాలో మగవాళ్లు నిలబడతారు" అంది. తలుపు ఎదురుగా అడ్డుగోడ పెట్టాం.

డయాలసిస్ కిందికి వచ్చింది. నర్సింగ్ స్టేషన్ వార్డు మధ్యలోకి వచ్చింది, 18 మంచాల్లో 15 కనబడుతున్నాయి. దగ్గు ఉన్నవాళ్లకి ఉత్తరం గేటు నుంచి వేరే దారి. ఒక్కటే తెగలేదు. తూర్పు వరండా వెంట వచ్చినవాళ్లకి ఇవ్వాలంటే రెండు స్పెషల్ రూములు పోతాయి. డాక్టర్ మేడమ్ సరేనంటున్నారు, సార్ ఒప్పుకోవడం లేదు, లోన్ కట్టాలి కదా అంటున్నారు. ఆయనది కూడా న్యాయమైన బాధే. ఏం చూపించాలి?

జడ్చర్ల_కోడర్

టోకెన్ టైములు పంపారు కదా, వరండా ఉన్నట్టు, లేనట్టు రెండు మోడల్స్ పెడతా. వరండా లేకపోతే ఆ జనం ఓపీ హాల్లోకి, వార్డు నడవాలోకి వస్తారు, స్ట్రెచర్ దారి ఎన్నిసార్లు మూసుకుపోతుందో అంకె వస్తుంది. ఆ అంకె పక్కన రెండు రూముల అద్దె రాసి ఇవ్వండి, ఆయనే తేల్చుకుంటారు.

రాత్రి_డ్యూటీ

కనబడని ఆ మూడు మంచాలు ఏవో నాకు ప్లాన్ మీద గుర్తు పెట్టి పంపు. అక్కడ తక్కువ జబ్బు ఉన్నవాళ్లని ఉంచాలని ముందే రాసుకోవాలి.

ఐతారం నాకు పొద్దున డ్యూటీ లేదు, సైటుకి వస్తా. జాగ మీద వార్డు, బాత్రూం, నడవా అసలు కొలతల్లో సున్నంతో గీయించు. ఒక స్ట్రెచర్, ఒక సెలైన్ స్టాండు ఎక్కడి నుంచైనా తెప్పించు. మర్రిగూడ అక్కా, వీలైతే నాయినగారిని తీసుకురండి, పది లోపు అయితే ఎండ ఉండదు. డాక్టర్ సార్‌ని కూడా రమ్మనండి, వరండా గీత మీద ఆయన్నే నిలబెట్టి మాట్లాడదాం.

మర్రిగూడ_బిడ్డ

వస్తాం అక్కా. ఆటో మాట్లాడుతున్నా. అక్కడ కూర్చోవడానికి చేతులున్న ఎత్తు కుర్చీ ఒకటి, ఆయనకి పనికొచ్చే బాత్రూం దగ్గరలో ఎక్కడుందో చూసి పెట్టండి.